చేపల మాలిమి

ఆక్వేరియం ఉన్న ఇంటికి చుట్టపుచూపుగా వెళ్లినప్పుడు ఒక సంగతి మీరు గమనించే ఉంటారు. మనం దగ్గరికి వెళ్లి వంగి చూడగానే చేపలు చటుక్కున వెనక్కి తగ్గుతాయి. కొన్ని మొక్కల చాటుకు, కొన్ని ఫిల్టర్ వెనక్కు చేరతాయి. కాసేపటికి ఆ ఇంటావిడ వంటగదిలోంచి చేతులు తుడుచుకుంటూ వస్తుంది. అంతే, దాక్కున్నవన్నీ ముందు అద్దం దగ్గరికి వచ్చేస్తాయి. తోకలు ఊపుకుంటూ పైకీ కిందికీ తిరుగుతాయి. "మా చేపలు నన్ను గుర్తుపడతాయండీ" అంటుంది ఆవిడ. మనం మర్యాదకు తలూపుతాం గానీ లోపల నమ్మం. చేపకు జ్ఞాపకశక్తి మూడు సెకన్లే అని ఎప్పుడో విన్న మాట మన మనసుల్లో అలా ఉండిపోయింది మరి.

ఆ మూడు సెకన్ల మాటకు ఆధారం లేదు. ఆవిడ చెప్పినదానికి ఉంది. ఆ ఆధారాలేమిటో, అసలు అద్దానికి అవతల ఉన్న చేప ఇవతల ఉన్న మనిషికి ఎలా అలవాటుపడుతుందో ఈ పూట మీతో మాట్లాడతాను. చాలా కాలంగా ఇంట్లో చేపల్ని పెంచుతున్నవాణ్ణి. ఈ విషయంలో నాకు గట్టిగా అనిపించేది ఒక్కటే. చేపను మాలిమి చేసుకోవడమంటే దానికి మనం ఏదో చేయడం కాదు. చాలా పనులు చేయకుండా ఉండటం.

ముందు చేప వైపు నుంచి చూద్దాం. మన ఊళ్లలోని దుకాణాల్లో కనిపించే గోల్డ్ ఫిష్‌లు, గప్పీలు, మోలీలు, ఏంజెల్ చేపలు ఎన్నో చెన్నై కొళత్తూరు నుంచి, కోల్‌కతా నుంచి వస్తాయి. అక్కడ సిమెంటు తొట్లలోనో మట్టి చెరువుల్లోనో పుట్టి పెరిగిన పిల్లను ఒకరోజు వలతో పట్టి, ఆక్సిజన్ నింపిన పాలిథిన్ సంచిలో వేసి, మూతికి రబ్బరు బ్యాండు బిగించి, పెట్టెలో సర్ది పంపిస్తారు. దారి పొడవునా చీకటి, కుదుపులు. దుకాణంలో దిగగానే మళ్లీ వల. మనం వెళ్లి "అదిగో, ఆ మూల ఎర్రది" అని వేలు చూపిస్తే, దుకాణంలో కుర్రాడు తొట్టి అంతా వల తిప్పి దాన్నే పడతాడు. మళ్లీ సంచి, మళ్లీ స్కూటర్ మీద కుదుపులు. మన ఇంటికి చేరేసరికి మనిషి గురించి ఆ చేపకు తెలిసినది ఏమిటి? పైనుంచి ఒక నీడ పడుతుంది, ఆ వెనకే వల దిగుతుంది. అంతే తెలుసు.

ఆ పాఠాన్ని చేప అంత తొందరగా మరిచిపోదు. ఆస్ట్రేలియాలో కలం బ్రౌన్ అనే శాస్త్రవేత్త రెయిన్‌బో ఫిష్ అనే చిన్న చేపల మీద చేసిన ప్రయోగం 2001లో అచ్చయింది. తొట్టిలో ఒక కొస నుంచి రెండో కొసకు వల లాగుతారు. ఆ వలలో బయటపడటానికి ఒకే ఒక్క కన్నం. మొదట కంగారుగా అటూ ఇటూ కొట్టుకున్న చేపలు ఐదోసారికల్లా సూటిగా ఆ కన్నంలోంచి తప్పించుకోవడం నేర్చుకున్నాయి. తరువాత వాటికి మళ్లీ ఆ వల చూపలేదు. 11 నెలలు గడిచాక మళ్లీ అదే వల లాగితే, అవి ఏమాత్రం తడబడకుండా ఆ కన్నంలోంచే బయటపడ్డాయి. ఏడాది కిందటి వలను గుర్తుంచుకునే జీవి అది. నిన్నటి వలను గుర్తుంచుకోదా?

అందుకే కొత్త చేప మూల నక్కి కూర్చుంటే "ఒంట్లో బాగోలేదేమో" అని దిగులుపడక్కర్లేదు. కొత్త చోట దాక్కోవడం తెలివైన పని. దిగులుపడాల్సింది దాక్కోవడానికి చోటు లేనప్పుడు. చేపలు పెంచేవాళ్లందరికీ అనుభవమైనదీ, కొత్తవాళ్లు ఓ పట్టాన నమ్మనిదీ ఒకటుంది. తొట్టిలో దాక్కునే చోట్లు ఎంత ఎక్కువుంటే, చేప అంత ఎక్కువగా బయట తిరుగుతుంది. నాలుగు మొక్కలు, ఒక మట్టికుండ పెంకు, రెండు రాళ్ల మధ్య సందు, ఇవి ఉంటే చాలు. పారిపోవడానికి చోటుందన్న ధైర్యం ఉన్న చేపే ముందుకొచ్చి మనల్ని చూస్తుంది. చేపలు బాగా కనబడాలని తొట్టిని బోసిగా ఉంచేవాళ్లకు అవి ఎప్పుడూ వెనక గోడకు అతుక్కునే కనిపిస్తాయి.

తోడు సంగతీ అంతే. గుంపుగా బతికే జాతిని ఒంటరిగా పెంచితే దానికి జంకు తీరదు. జీబ్రా ఫిష్ అని దుకాణాల్లో చౌకగా దొరికే చారల చేప ఉంది చూశారా, అది మన ఉపఖండపు చేపే. మన వాగుల్లో, పొలాల కాలవల్లో బతికే జాతి. ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో దాన్ని పెంచుతున్నారు. తన జాతి చేపలు పక్కన కనిపిస్తుంటే దాని భయం తగ్గుతుందని ఆ ప్రయోగశాలల్లోనే తేలింది. ఇలాంటివాటిని ఆరుకు తగ్గకుండా పెంచాలి. గుంపులో అన్నిటి స్వభావమూ ఒకటి కాదు. ఒకటి తెగువ గలది ఉంటుంది, ఒకటి పిరికిది ఉంటుంది. తెగువ గలది ముందు మన చేతి దగ్గరికి వచ్చి మేత తిని క్షేమంగా వెనక్కి వెళుతుంది. మిగతావి అది చూస్తాయి. ఆ ఒక్క చేప పుణ్యమా అని తొట్టి అంతా మనకు చేరువవుతుంది.

ఇక అద్దానికి అవతల నుంచి మనం ఎలా తెలుస్తామన్నది చూద్దాం. ఇది తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

చేప ఒంటికి రెండు పక్కలా, మొప్ప వెనక నుంచి తోక దాకా, సన్నటి గీత ఒకటి కనిపిస్తుంది. బొచ్చె, రాగండి వంటి చేపలు శుభ్రం చేసే వాళ్లందరూ దాన్ని చూసే ఉంటారు. దాన్ని పార్శ్వరేఖ అంటారు. నీళ్లలో పుట్టే చిన్న కదలికను కూడా చేప దానితో పసిగడుతుంది. కాబట్టి మనం తొట్టి దగ్గర కుర్చీ జరిపినా, బల్ల మీద గ్లాసు గట్టిగా పెట్టినా, ఆ అదురు అద్దం గుండా నీళ్లలోకి చేరి చేప ఒంటిని తాకుతుంది. నీళ్లలో శబ్దం సెకనుకు దాదాపు 1500 మీటర్ల వేగంతో పోతుంది, గాలిలో కన్నా నాలుగు రెట్లకు పైగా ఎక్కువ. అద్దం మీద వేలితో టకటకా కొట్టడం మనకు సరదా. లోపల ఉన్నదానికి అది నలుమూలల నుంచీ ఒక్కసారిగా వచ్చిపడే దెబ్బ.

చేప వింటుందా అని ఒకప్పుడు శాస్త్రవేత్తలే వాదించుకున్నారు. చెవులు బయటికి కనబడవు కదా, వినదనే చాలామంది అనుకున్నారు. ఆ వాదన తేల్చినవారిలో ముఖ్యుడు కార్ల్ ఫాన్ ఫ్రిష్. తేనెటీగల నాట్యంలోని భాషను చదివి 1973లో నోబెల్ బహుమతి పంచుకున్న మహానుభావుడు ఈయనే. అంతకు 50 ఏళ్ల ముందు, 1923లో, ఆయన ఒక చిన్న వ్యాసం రాశారు. ఈల వేస్తే వచ్చే చేప గురించి. అదొక చిన్న జాతి మీసాల చేప, మన జెల్లల తరహాది. దానికి ముద్దుగా క్సావెర్ల్ అని పేరు. చూపు వల్ల కాదు, వినికిడి వల్లనే అని రుజువు కావాలి కనక దానికి కళ్లు తీసేశారు. ఆ పని తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. అది పగలంతా తన గొట్టంలో దూరి ఉండేది. ఆయన మేత అందించే ముందు ప్రతిసారీ ఈల వేసేవారు. కొద్ది రోజులు గడిచాయి. ఒకరోజు మేత లేకుండా ఊరికే ఈల వేశారు. గుడ్డి చేప గొట్టంలోంచి బయటికి వచ్చి మేత కోసం వెతుక్కుంది.

ఆ చేప, గోల్డ్ ఫిష్, టెట్రాలు, బార్బ్‌లు అన్నీ వినికిడిలో దిట్టలు. వీటిలో కడుపులోని గాలితిత్తికీ, తలలోని చెవికీ మధ్య చిన్న చిన్న ఎముకల గొలుసు ఒకటి ఉంటుంది. వాటిని వెబర్ అనే జర్మన్ వైద్యుడు 1820లో వర్ణించారు. గాలితిత్తి నీళ్లలోని ధ్వనికి అదిరితే ఆ ఎముకలు ఆ అదురును చెవికి చేరవేస్తాయి. కాబట్టి మేత డబ్బా మూత తీసిన చప్పుడు, మీరు రోజూ నడిచి వచ్చే అడుగుల తీరు, ఇవి మీ గోల్డ్ ఫిష్‌కు తెలుస్తాయి. దీపావళి రాత్రి వీధిలో లక్ష్మీబాంబు పేలితే తొట్టిలో చేపలు ఎగిరిపడేది కూడా ఇందుకే. ఆ రాత్రి తొట్టి మూత గట్టిగా ఉందో లేదో చూసుకోండి.

చూపు సంగతికి వస్తే, చేపకు కనురెప్పలు లేవు. రాత్రి చీకట్లో ఉన్నట్టుండి తొట్టి దీపం వేస్తే అది కళ్లు మూసుకోలేదు. అందుకే కొన్ని చేపలు ఒక్కసారిగా అద్దానికి కొట్టుకుంటాయి. ముందు గది దీపం వేసి, కాసేపు ఆగి, తొట్టి దీపం వేయడం మంచిది. చేప నీళ్లలోంచి పైకి చూసినప్పుడు బయటి ప్రపంచమంతా తలపైన ఒక గుండ్రటి కిటికీలో ఇమిడి కనిపిస్తుంది. ఆ కిటికీలోంచే కొంగ ముక్కు దిగేది. పైనుంచి వచ్చే ప్రతి నీడా ముందు ప్రాణభయమే అయింది అందువల్ల. తొట్టిని నేల మీదో, మోకాలెత్తు స్టూలు మీదో పెట్టిన ఇళ్లలో చేపలు ఎక్కువ బెదురుతాయి. మనిషి ఎప్పుడూ పైనుంచే కదా వస్తున్నాడు! గుండె ఎత్తున పెడితే మనం వాటికి ఎదురుగా వస్తాం.

ఇప్పుడు అలవాటుపడటం ఎలా జరుగుతుందో చూద్దాం. ఇందులో రెండు దశలున్నాయి, రెండూ వేరు వేరు. మొదటిది భయం చల్లారడం. రెండోది ఆశ పుట్టడం.

బస్టాండు పక్కన కాపురమున్నవాళ్లకు హారన్ మోత కొన్నాళ్లకు చెవిన పడటం మానేస్తుంది చూశారా, మొదటి దశ అలాంటిది. రోజూ కనిపించే ఆకారం, రోజూ వినిపించే చప్పుడు, దానివల్ల ఏ హానీ లేదు. చేప మెదడు మెల్లగా దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. అయితే ఇక్కడొక మెలిక ఉంది. మెత్తగా, మళ్లీ మళ్లీ జరిగేదానికే జీవి అలవాటుపడుతుంది. గట్టిగా తగిలేదానికి అలవాటుపడదు సరికదా, ఇంకా బెదురు పెరుగుతుంది. పిల్లలు రోజూ అద్దం మీద కొడుతున్నారు, అవే అలవాటుపడతాయిలే అనుకునేవాళ్లు ఈ తేడా గమనించాలి. అవి అలవాటుపడవు. ఆ పిల్లల్ని చూస్తేనే దాక్కోవడం నేర్చుకుంటాయి.

వాస్తు ప్రకారం ఈశాన్యమూల అని తొట్టిని తెచ్చి వీధి తలుపు పక్కన పెట్టేవాళ్లున్నారు. మూల మార్చమని నేను చెప్పను. తలుపు దభాలున వేయడం, బడి సంచి తొట్టి బల్ల మీదకు విసరడం మాత్రం మానాలి. మనుషులు నిదానంగా అటూ ఇటూ తిరిగే హాలు చేపలకు మంచిదే. ఎవరూ వెళ్లని గదిలో పెట్టి, రోజుకోసారి తలుపు తీసి తొంగిచూస్తే అవి మనిషికి ఎన్నటికీ అలవాటుపడవు.

రెండో దశ మేతతో మొదలవుతుంది. ఈల తరువాత మేత వస్తుందని క్సావెర్ల్ నేర్చుకున్నట్టే, ఈ ఆకారం తరువాత మేత వస్తుందని మన చేప నేర్చుకుంటుంది. దీనికి రోజూ ఒకే వేళ, ఒకే వైపు నుంచి రావడం, ఒకే మూల మేత వేయడం ఎంతో సాయపడతాయి.

మా ఇంట్లో కొత్తగా వచ్చిన గోల్డ్ ఫిష్ ఒకటి ఈ దారిన ఎలా నడిచిందో చెబుతాను. మొదటి రోజుల్లో అది ఫిల్టర్ గొట్టం వెనక ఒదిగి ఉండేది. ఈతరెక్కలు ఒంటికి అతికించుకుని, వీపు మీది రెక్క పూర్తిగా వాల్చి, మొప్పలు మాత్రం గబగబా ఆడిస్తూ. నేను నాలుగు గుళికలు వేసి దూరంగా వెళ్లి కూర్చునేవాణ్ణి. నేను లేచి వెళ్లాకే తినేది. తరువాత నేను గదిలో ఉండగా వచ్చింది. రయ్యిన వచ్చి, ఒక గుళిక నోట కరుచుకుని, మళ్లీ గొట్టం వెనక్కి పోయి అక్కడ నమిలింది. దాని మెడలోపల పళ్లుంటాయి, జాగ్రత్తగా వింటే ఆ నమిలే చప్పుడు కూడా వినబడుతుంది. ఇంకొన్నాళ్లకు తిన్నచోటే నమలడం మొదలుపెట్టింది. వీపు మీది రెక్క నిటారుగా లేచింది. మొప్పల ఆట నిదానించింది. ఒక పొద్దున నేను ఖాళీ చేతులతో దగ్గరికి వెళ్లాను. అది అద్దం దగ్గరికి వచ్చి ఆగింది. కన్ను మెల్లగా తిప్పి, ముందు నా చేతివైపు, తరువాత నా ముఖంవైపు చూసింది. చేప కన్ను దాని గూటిలో అలా తిరుగుతుందని అంత దగ్గరగా చూస్తేనే తెలుస్తుంది.

మరి అది నిజంగా నా ముఖాన్నే గుర్తుపట్టిందా? చేపలు ముఖాలు గుర్తుపట్టగలవని 2016లో రుజువైంది. ఆర్చర్ ఫిష్ అని భారతదేశం నుంచి ఆస్ట్రేలియా దాకా మడ అడవుల నీళ్లలో ఉండే చేప ఒకటుంది. ఆకుల మీద వాలిన పురుగును నోటితో నీళ్లు చిమ్మి పడగొడుతుంది. ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు తొట్టి పైన కంప్యూటర్ తెర పెట్టి, రెండు మనిషి ముఖాల బొమ్మలు చూపించి, ఒకదాని మీద నీళ్లు చిమ్మితే మేత ఇచ్చారు. ఆ ముఖాన్ని నేర్చుకున్న చేపలు తరువాత 44 కొత్త ముఖాల నడుమ కూడా దాన్ని పోల్చుకున్నాయి. బొమ్మల రంగు తీసేసి, వెలుగు సమానం చేసి చూపించినా నూటికి 80కి పైగా సరిగ్గా చిమ్మాయి. మనకు ముఖాలు గుర్తుపట్టడానికి మెదడులో ప్రత్యేకమైన భాగం ఉంది. చేపకు ఆ భాగమే లేదు. అయినా పని జరిగిపోతోంది.

తొట్టిలో చేపల సంగతి సరే, సముద్రంలో స్వేచ్ఛగా తిరిగేవాటి మాటేమిటి? జర్మనీ మాక్స్ ప్లాంక్ సంస్థవారు కోర్సికా దీవి దగ్గర మధ్యధరా సముద్రంలో దీన్ని పరీక్షించి 2025లో ఫలితాలు ప్రకటించారు. ఒక గజ ఈతగత్తె మేత పెడుతూ సముద్రపు చేపలకు తన వెంట ఈదడం అలవాటు చేసింది. కొన్నాళ్లకు మేత ఆఖరున మాత్రమే దొరికినా, అవి 50 మీటర్ల దాకా ఆమె వెంటే వచ్చేవి. తరువాత ఇద్దరు ఈతగాళ్లు నీళ్లలోకి దిగారు. ఒకరు మేత పెట్టేవారు, ఒకరు పెట్టనివారు. చేపలు మేత పెట్టే మనిషినే ఎంచుకుని వెంబడించడం నేర్చుకున్నాయి. అయితే ఇద్దరూ ఒకే రంగు, ఒకే తీరు దుస్తులు వేసుకుని దిగితే మాత్రం తేల్చుకోలేకపోయాయి.

ఈ చివరి మాట నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది. చేపకు మన గుర్తులు ఎన్నో ఉంటాయి. రంగు, ఎత్తు, నడక, వచ్చే వేళ, వచ్చే దిక్కు, డబ్బా చప్పుడు. వాటిలో ఏది తేలిగ్గా అందితే దాన్ని పట్టుకుంటుంది. నేను హెల్మెట్ తీయకుండా తొట్టి దగ్గరికి వెళితే మా చేపలు ఇప్పటికీ ఒక్క క్షణం వెనక్కి తగ్గుతాయి. కాబట్టి మన తీరు ఎంత మారకుండా ఉంటే చేపకు మనం అంత తొందరగా తెలిసినవాళ్లమవుతాం.

మనుషుల తీరు మారకుండా ఉంటే చేపలు ఎంత దగ్గరికి రాగలవో చూడాలంటే శృంగేరి వెళ్లండి. మన తెలుగువాళ్లు ఎంతోమంది శారదాంబ దర్శనానికి వెళుతూనే ఉంటారు. గుడి పక్కన తుంగ నది మెట్ల దగ్గర కూర్చుని మరమరాలు చల్లితే, పొడుగాటి నల్లటి వీపుల చేపలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ చేతికందేంత దగ్గరికి వస్తాయి. వాటిలో మహసీర్ జాతివి ఉన్నాయి. మహసీర్ అంటే గాలం వేసేవాళ్ల నోట బెదురుకూ బలానికీ పేరుపడ్డ చేప. వేరే చోట మనిషి అలికిడైతే మడుగు అడుక్కు దిగిపోతుంది. ఆ మెట్ల దగ్గర దాన్ని ఎవరూ పట్టరు. పైగా మేత దొరుకుతుంది. తెలిసిన తేడా అంతే. ఆ చేపలకు తొట్టి లేదు, అద్దం లేదు, అటు నది అంతా తెరిచే ఉంది. అయినా మెట్ల దగ్గరికి వస్తాయి.

ఆ మెట్లు మనకు నేర్పేది మన ఇంటి తొట్టికీ వర్తిస్తుంది. వల వాడకం ఎంత తగ్గిస్తే అంత మంచిది. తొట్టి కడగాలని వారం వారం చేపలన్నిటినీ వలతో పట్టి బక్కెట్‌లో వేసేవాళ్లు నెల రోజుల నమ్మకాన్ని ఒక్క పూటలో పోగొట్టుకుంటున్నారు. అలా కడగక్కర్లేదు. నీళ్లలో నాలుగో వంతో, అయిదో వంతో సన్నటి గొట్టంతో తీసేసి, కొత్త నీళ్లు నిదానంగా పోస్తే సరిపోతుంది. చేపను తప్పనిసరిగా తీయాల్సి వస్తే పెద్ద గాజు గ్లాసో ప్లాస్టిక్ డబ్బానో ముంచి, అందులోకి మెల్లగా తోలండి.

వలతో ఇంకో చిక్కు కూడా ఉంది. అది కనిపెట్టినదీ ఫాన్ ఫ్రిషే, 1938లో. గుంపులో ఒక చేపకు చర్మం చీరుకుపోతే, ఆ చర్మంలోంచి ఒక పదార్థం నీళ్లలో కలుస్తుందని, ఆ వాసన తగలగానే గుంపంతా భయంతో పారిపోతుందని ఆయన గుర్తించారు. గోల్డ్ ఫిష్‌కూ, జీబ్రా ఫిష్‌కూ, బార్బ్‌లకూ ఈ గుణం ఉంది. మొరటుగా వల తిప్పి ఒక చేప ఒళ్లు గీరుకుపోతే తొట్టిలో ఉన్నవన్నీ కలిసి బెదురుతాయి. "నిన్నటి దాకా చేతికి వచ్చేవి, ఇవాళ ఏమైందో" అనుకునేవాళ్లు ఇది కూడా చూసుకోవాలి.

నీళ్ల మాట చెప్పకుండా ఈ విషయం పూర్తి కాదు. నీళ్లు బాగాలేని తొట్టిలో చేప మనసు కుదుటపడదు. కొత్త తొట్టిలో చేపల వ్యర్థాల నుంచి పుట్టే అమ్మోనియాను అంత హాని లేని పదార్థంగా మార్చే బాక్టీరియా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ లోపు నిండా చేపలు వేసి, నిండా మేత వేస్తే అవి విషంలో బతుకుతాయి. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, దాన్ని పోగొట్టే మందు దుకాణంలో దొరుకుతుంది. మేత రెండు నిమిషాల్లో తినేసేంతే వేయాలి. చేపలు మనల్ని చూసి ఎగబడుతున్నాయి కదా అని ఇంట్లో నలుగురూ నాలుగుసార్లు వేయడం ముద్దు చేయడం కాదు.

ఇంకొక జాగ్రత్త చెప్పాలి. చేప దగ్గరికి వచ్చిన ప్రతిసారీ అది మాలిమి అని పొరబడకండి. తెల్లవారుజామున చేపలన్నీ నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తూ ఉంటే అది మిమ్మల్ని పలకరించడం కాదు, ఊపిరాడకపోవడం. వెంటనే గాలి పంపు చూసుకోవాలి. అద్దం వెంబడి ఒకే దారిన ఆగకుండా పైకీ కిందికీ తిరుగుతుంటే అది ఉత్సాహం కాదు, ఇరుకు. అడుగున కదలకుండా పడి ఉండి, చెయ్యి పెట్టినా తొలగకపోతే అది ధైర్యం కాదు, జబ్బు. నిజంగా కుదుటపడిన చేపకు రెక్కలు విచ్చుకుని ఉంటాయి, రంగు నిండుగా ఉంటుంది, మీరు వచ్చినప్పుడు వస్తుంది, మీరు వెళ్లిపోయాక తన పని తాను చూసుకుంటుంది. ఆ ఆఖరి గుర్తే నాకు అన్నిటికన్నా నమ్మకమైనది.

చేతితో మేత అందించాలని చాలామందికి ఉంటుంది. ఆస్కార్ వంటి పెద్ద చేపలు చక్కగా వేళ్ల మధ్య నుంచి అందుకుంటాయి కూడా. చేతులు సబ్బు వాసన లేకుండా మంచినీళ్లతో కడుక్కోండి. చేతికి పుండో గీరుడో ఉంటే మాత్రం తొట్టిలో పెట్టవద్దు. ఆ నీళ్లలోంచి చర్మానికి పట్టే మొండి ఇన్‌ఫెక్షన్ ఒకటుంది. చేయి నీళ్లలో కదలకుండా ఉంచండి, చేపను రానివ్వండి. దాన్ని పట్టుకోవద్దు, నిమరవద్దు. దాని ఒంటి మీది జిగురు పొరే దానికి కవచం. మన చేతి వేళ్లకు అది ఊడివస్తుంది.

ఇంతకీ చేపకు మన మీద ప్రేమ ఉందా అని పిల్లలు అడుగుతుంటారు. ఉందని చెప్పి వాళ్లను మురిపించడం నాకు ఇష్టం ఉండదు. అది మనల్ని తలచుకుని దిగులుపడదు. మన దగ్గర దానికి భయం లేదు, మన దగ్గర మేలు జరుగుతుందన్న ఎరుక ఉంది. వలనూ చీకటి సంచినీ దాటి వచ్చిన జీవి ఇంతదాకా రావడం నా లెక్కలో చాలా పెద్ద విషయం. ఆ చెలిమికి ఏళ్ల ఆయుష్షు కూడా ఉండొచ్చు. ఇంగ్లండ్‌లో టిష్ అనే గోల్డ్ ఫిష్ 43 ఏళ్లు బతికి 1999లో చనిపోయింది. బాగా చూసుకుంటే మామూలు గోల్డ్ ఫిష్ కూడా పదేళ్లు దాటుతుంది. గుండ్రటి గాజు గిన్నెలో పెట్టి నెలకోటి చొప్పున పారేసే ఇళ్లలో ఇది ఎవరికీ తెలియను కూడా తెలియదు.

చివరగా మీకొక విన్నపం. ఇల్లు మారుతున్నామనో, చేప మరీ పెద్దదైపోయిందనో, పిల్లలు హాస్టల్‌కు వెళ్లారనో పెంచిన చేపలను తీసుకెళ్లి ఊరి చెరువులోనో కాలవలోనో వదలకండి. పుణ్యం అనుకుని చేసేవాళ్లున్నారు. మనిషి నీడను చూసి మేత కోసం పైకి రావడం మనమే నేర్పాం. ఆ అలవాటుతో అది మొదటి కొంగకో మొదటి గాలానికో దొరుకుతుంది. దొరక్కుండా బతికి బట్టకడితే ఇంకో కష్టం. అద్దం మీది పాచి తింటుందని కొనే సక్కర్ చేప దక్షిణ అమెరికాది. ఎవరో వదిలిన ఆ చేపలు ఇవాళ మన చెరువుల్లో, కాలవల్లో పెరిగి, ముళ్లతో మత్స్యకారుల వలలు చింపుతున్నాయి. దెయ్యం చేప అని తిట్టుకుంటూ గట్టున పారేస్తున్నారు. మీ దగ్గర పెరిగిన చేపను ఇక చూసుకోలేమనుకుంటే, కొన్న దుకాణానికే తిరిగి ఇవ్వండి. లేదా చేపలు పెంచే మరో ఇంటికి ఇచ్చి, అది ఏ వేళకు తింటుందో, ఏ మూల మేత వేయాలో వాళ్లకు చెప్పి రండి.